ఫైన్ల పుస్తకంలో ఒక క్లబ్బు చరిత్ర: నా అనుభవం

మాది జెర్సీ సిటీలో శని, ఆదివారాలు ఆడుకునే చిన్న క్రికెట్ క్లబ్బు. సగం మంది గుంటూరు, విజయవాడ వైపు వాళ్లు, మిగతా సగం హైదరాబాద్, కరీంనగర్. గ్రౌండ్ పర్మిట్ డబ్బులు ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు, ఆలస్యంగా వచ్చినవాడికి బ్యాటింగ్ ఇవ్వాలా వద్దా అనే గొడవలు వాట్సాప్ గ్రూపులో ముదిరి ముదిరి, చివరికి "అన్నా, నువ్వే కూర్చుని రూల్స్ రాసెయ్" అని లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టారు. ఈ మాట ఆఫీసులో అంటే ఒక అమెరికన్ కొలీగ్ నవ్వి, మీ పక్క ఊరు హోబోకెన్‌లో 180 ఏళ్ల కిందటే ఈ గొడవలన్నీ అయిపోయాయి, ఆ క్లబ్బు కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్లి చూసుకో అన్నాడు. నమూనా దొరుకుతుందని మొదలుపెట్టాను. నెలల తరబడి అందులోనే ఉండిపోయాను.

ఆ క్లబ్బు పేరు నికర్‌బాకర్ బేస్ బాల్ క్లబ్ ఆఫ్ న్యూయార్క్. 1845 సెప్టెంబర్ 23న పెట్టారు. పేరు న్యూయార్క్‌దే అయినా మన్‌హటన్‌లో ఇళ్లూ రైలు పట్టాలూ వచ్చిపడి ఆడే జాగా కరువైంది. దాంతో పడవ మీద హడ్సన్ నది దాటి న్యూజెర్సీ ఒడ్డున హోబోకెన్‌లో ఉన్న ఎలీసియన్ ఫీల్డ్స్ అనే విహారస్థలంలో మైదానం అద్దెకు తీసుకున్నారు. మైదానానికీ బట్టలు మార్చుకునే గదులకూ కలిపి ఏడాదికి 75 డాలర్లు. సభ్యుడిగా చేరాలంటే 2 డాలర్లు, ఏటా చందా 5 డాలర్లు. వ్యాపారులు, బ్రోకర్లు, గుమస్తాలు, ఒకరిద్దరు డాక్టర్లు. పగలంతా పని చేసుకుని వారంలో రెండు రోజులు ఆడుకునేవాళ్లు. డబ్బు కోసం ఆడటమంటే వాళ్లకు చిన్నతనం. మేం ఆడే ఆట వేరు గానీ బతుకు చూస్తే అదే.

మొదట చేసిన పని హోబోకెన్ వెళ్లడం. న్యూజెర్సీ, న్యూయార్క్ మధ్య నడిచే పాత్ (PATH) రైలు దిగి వాషింగ్టన్ స్ట్రీట్ వెంట నడిస్తే పదకొండో వీధి దగ్గర రోడ్డు మధ్యన ఒక రాయి, దానికి కంచు ఫలకం కనిపిస్తాయి. 1846 జూన్ 19న ఇక్కడే నికర్‌బాకర్లకూ న్యూయార్క్స్ అనే జట్టుకూ మొదటి బేస్‌బాల్ మ్యాచ్ జరిగిందని రాసుంది. మైదానం మాత్రం లేదు. అందులో పెద్ద భాగం మీద 1939లో మ్యాక్స్‌వెల్ హౌస్ కాఫీ ఫ్యాక్టరీ కట్టారు. అదీ 1990ల్లో మూతపడి, కూల్చేశాక అపార్టుమెంట్లు వచ్చాయి. మిగిలింది ఎలీసియన్ పార్క్ అనే చిన్న ముక్క, పిల్లలు ఆడుకునే పార్కు.

ఫలకం మీద రాయని సంగతి ఒకటుంది: ఆ మ్యాచ్‌లో నికర్‌బాకర్లు 23-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు! రూల్స్ రాసుకుని, మైదానం అద్దెకు తీసుకుని, సొంత గ్రౌండులో నాలుగు ఇన్నింగ్స్‌లో ఒకటంటే ఒక్క పరుగు. ఇది చదివి మా కెప్టెన్ చాలా ఊరట పొందాడు.

తరువాత పాత పేపర్ల మీద పడ్డాను. బ్రూక్లిన్ డైలీ ఈగిల్ పేపరును 1841 నుంచి బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీ వాళ్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంట్లో కూర్చునే చదవొచ్చు. వెతికేటప్పుడు ఒక కిటుకు తెలియాలి. అప్పట్లో ఆట పేరును రెండు ముక్కలుగా, 'బేస్ బాల్' అని రాసేవాళ్లు. కలిపి కొడితే పాత వార్తలు సగం దొరకవు. అక్కడ ఇక్కడ చదువుతుంటే తేలిందేమిటంటే, ఆ ఫలకం చెప్పే 'మొదటి మ్యాచ్' మొదటిది కానే కాదు. అంతకు ఎనిమిది నెలల ముందే, 1845 అక్టోబర్ 21న అదే ఎలీసియన్ ఫీల్డ్స్‌లో న్యూయార్క్, బ్రూక్లిన్ జట్లు ఎనిమిదేసి మందితో ఆడాయి. న్యూయార్క్ 24-4తో గెలిచింది. స్కోర్ పట్టికతో సహా పేపర్లో వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే 1823లో మన్‌హటన్‌లో కుర్రాళ్లు బేస్ బాల్ ఆడుతున్నారని ఒక పేపర్ ముక్క. ఇంకా వెనక్కి, 1791లో మసాచుసెట్స్ రాష్ట్రం పిట్స్‌ఫీల్డ్ ఊళ్లో కొత్త మీటింగ్ హౌస్ కిటికీల దగ్గర బేస్ బాల్ ఆడకూడదని ఊరి వాళ్లు చేసిన కట్టడి. అద్దాలు పగులుతున్నాయని పెద్దమనుషులు తిట్టడంతోనే ఈ ఆట రికార్డుల్లోకెక్కిందన్నమాట.

మరి నికర్‌బాకర్ల గొప్పేమిటి? వాళ్ల కాగితాలు మిగిలాయి. అంతే. వాళ్ల కన్నా ముందు గోథమ్ అనే క్లబ్బు ఉండేదనీ, దానికి 1837లో తానే రూల్స్ రాశాననీ విలియం వీటన్ అనే లాయరు 1887లో శాన్‌ఫ్రాన్సిస్కో పేపరుకు చెప్పాడు. ఆ వీటనే తరువాత నికర్‌బాకర్లలో చేరి, విలియం టక్కర్‌తో కలిసి వీళ్ల నిబంధనల కమిటీలో కూర్చున్నాడు. పాత క్లబ్బు రూల్స్ కాగితం మాత్రం దొరకలేదు. దొరికిన కాగితానిదే చరిత్ర అయింది.

ఇక అసలు కాగితాలు. ఇవి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో, ఫిఫ్త్ అవెన్యూ మీద రెండు రాతి సింహాలున్న పెద్ద బిల్డింగులో ఉన్నాయి. ఆల్బర్ట్ స్పాల్డింగ్ అని ఒకప్పటి పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు), తరువాత ఆట సామాన్ల కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. ఆయన పోగేసిన బేస్‌బాల్ పుస్తకాలు, ఉత్తరాలు, క్లబ్బు రికార్డులు ఆయన పోయాక భార్య 1921లో ఈ లైబ్రరీకి ఇచ్చేసింది. న్యూజెర్సీలో ఉంటూ నాకు కార్డు ఇస్తారా అని టెన్షన్ పడ్డాను. న్యూయార్క్ రాష్ట్రంలో ఉద్యోగం చేసేవాళ్లకూ ఇస్తారు, ఆఫీసు మన్‌హటన్‌లో కాబట్టి సమస్య రాలేదు. ముందు ఆన్‌లైన్ క్యాటలాగ్‌లో ఏ పెట్టెలో ఏముందో రాసుకోవాలి, తరువాత అడగాలి. ఊరికే వెళ్లి బేస్‌బాల్ కాగితాలు చూపించండి అంటే కుదరదు. చేతిరాత ప్రతుల గదిలో పెన్ను పనికిరాదు, పెన్సిల్ మాత్రమే. బ్యాగు బయట పెట్టాలి. నాకు చాలావరకు అసలు పుస్తకాలు కాక మైక్రోఫిల్మ్ రీళ్లే ఇచ్చారు. దానికీ ఒక సుఖం ఉంది, కావలసిన పేజీ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు.

మొదటి రోజు చేతిరాత చూసి కళ్లు బైర్లు కమ్మాయి. అంతా కలిపిరాత, సిరా పారిపోయిన చోట అంచనాయే. చిన్నప్పుడు నాలుగు గీతల కాపీ పుస్తకంలో మాస్టారు కొట్టి మరీ రాయించిన కర్సివ్ అక్కడ అక్కరకొచ్చింది. పక్క మిషన్ దగ్గర కూర్చున్న కాలేజీ అమ్మాయి ఒకటి రెండు పేర్లు నన్ను అడిగి చదివించుకుంది. తెలుగు మీడియం వాడికి అదొక చిన్న గర్వం.

స్కోరు పుస్తకం చాలా పొదుపుగా ఉంటుంది. తేదీ, రెండు వైపులా పేర్లు, ఎవరెన్నిసార్లు ఔటయ్యారు, ఎన్ని పరుగులు, పక్కన రిమార్కులు, అంపైర్ పేరు. పుస్తకానికెక్కిన మొదటి ఆట 1845 అక్టోబర్ 6న. వైపుకి ఏడుగురు, మూడు ఇన్నింగ్స్, 11-8. అంపైర్ పైన చెప్పిన వీటన్. రూల్స్ మొత్తం 20. అందులో మొట్టమొదటిది ఆట గురించే కాదు: ఒప్పుకున్న టైముకు సభ్యులు ఖచ్చితంగా రావాలి! 1845లోనూ ఇదే బాధ. నేను ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెడితే, ప్రతి వారం మూడో ఓవర్‌కు వచ్చే తమ్ముడు ఒకడు మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఫైన్ల దగ్గర చాలాసేపు ఆగాను. ఆట మధ్యలో బూతు మాట వస్తే 6¼ సెంట్లు. అంపైర్‌తో వాదిస్తే దానికన్నా ఎక్కువ. కెప్టెన్ మాట వినకపోతే ఏకంగా అర డాలరు. ఈ పావు సెంటు ఎక్కడి నుంచి వచ్చిందో మొదట అర్థం కాలేదు. అమెరికాలో 1857 దాకా స్పానిష్ వెండి నాణేలు చెల్లుబాటయ్యేవి. వాటిలో ఒక చిన్న నాణెం విలువ డాలర్లో పదహారో వంతు, అంటే ఆరుంపావు సెంట్లు. మన అణా రూపాయిలో పదహారో వంతే కదా, లెక్కేస్తే ఆరుంపావు పైసలు. మా తాతగారి తరం వాళ్లకు ఈ ఫైను చెబితే ఒక్క క్షణంలో అర్థమయ్యేది: తిట్టుకి అణా.

కాగితాల్లో నాకు బాగా నచ్చిన మనిషి డేనియల్ లూషియస్ ఆడమ్స్. డాక్టరు, అందరూ 'డాక్' అనేవాళ్లు. క్లబ్బు పెట్టిన కొద్ది వారాలకే చేరి, తరువాత చాలాసార్లు ప్రెసిడెంటయ్యాడు. ముసలితనంలో 1896లో ఒక క్రీడా పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో తన పాట్లన్నీ చెప్పుకున్నాడు. సభ్యులను ప్రాక్టీసుకు రప్పించడానికి నానా రకాలుగా బతిమాలేవాడట. పడవ దాటి హోబోకెన్ వెళ్తే ఒక్కోసారి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లట. జట్లు కావు కదా, ఏదో పిల్లల ఆట ఆడుకుని తిరిగొచ్చేవాళ్లట. బంతులు దొరక్క తానే చేసేవాడు. రబ్బరు ముక్కల మీద నూలు చుట్టి పైన తోలు. ఆ తోలు పని ఎవరూ సరిగ్గా చేయలేకపోతే చివరికి ఒక స్కాట్లాండ్ జీనుల పనివాడు గుర్రం తోలుతో దారి చూపించాడట. తన క్లబ్బుకే కాదు, మిగతా క్లబ్బులకూ బంతులు ఈయనే సరఫరా. ఆ బంతి తేలిక, దూరం నుంచి విసిరితే చేరేది కాదు. అందుకని మధ్యలో ఒకడు నిలబడి అందుకుని అందించాలి. ఆ నిలబడింది ఆడమ్సే. షార్ట్‌స్టాప్ అని ఇప్పుడు కోట్లు సంపాదించే ఆటగాళ్లు ఆడే స్థానం అలా పుట్టింది. ప్రతి క్లబ్బులోనూ ఇలాంటి మనిషి ఒకడుంటాడు. బంతులు కొనేదీ, ఫోన్లు చేసేదీ, అందరూ వెళ్లాక స్టంపులు ఏరేదీ అతనే. మాకూ ఉన్నాడు, పేరు చెబితే కొట్టినా కొడతాడు.

1857లో న్యూయార్క్ చుట్టుపక్కల క్లబ్బులన్నీ కూర్చుని రూల్స్ ఒక కొలిక్కి తెచ్చినప్పుడు ఆ సభకు అధ్యక్షుడు ఆడమ్స్. బేసుల (పరుగు తీసేవాడు తాకుతూ చుట్టి రావలసిన నాలుగు గుర్తుల) మధ్య 90 అడుగులు, జట్టుకు తొమ్మిది మంది, తొమ్మిది ఇన్నింగ్స్. అవన్నీ అక్కడ ఖాయమైనవే. 1845 నాటి 20 రూల్స్‌లో ఈ మూడూ లేవు. అక్కడ ఎదురెదురు బేసుల మధ్య దూరం 42 అంగలని ఉంటుంది, ఎవరి అంగో చెప్పరు. ముందుగా 21 పరుగులు చేసినవాళ్లు గెలిచినట్టు. బంతి ఒకసారి నేలకు తగిలి లేచాక పట్టినా ఔటే, మనం గల్లీలో ఆడే 'వన్ టిప్' క్యాచ్ లాగా. అది పిల్లల పద్ధతి, తీసేద్దామని నికర్‌బాకర్లు ఏళ్ల తరబడి పోరితే 1864 చివర్లో గానీ మిగతా క్లబ్బులు ఒప్పుకోలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఆటలో గొప్పవాళ్ల పేరున ఫలకాలు పెట్టే మ్యూజియంకి, కుటుంబంతో వెళ్లాం. నా పిచ్చికి పిల్లల సెలవులు తోడయ్యాయి. ఈ క్లబ్బు పెట్టినవాళ్లలో అక్కడ గోడ మీద ఫలకం ఉన్నది అలెగ్జాండర్ కార్ట్‌రైట్‌కి. బేసుల మధ్య 90 అడుగులు పెట్టింది, తొమ్మిది ఇన్నింగ్స్ పెట్టింది, తొమ్మిది మందిని పెట్టింది ఈయనేనని కంచు అక్షరాల్లో ఉంది. లైబ్రరీలో రూల్స్ చదివి వచ్చినవాడికి అది చూస్తే ఎలా ఉంటుంది! కార్ట్‌రైట్ మంచివాడే, క్లబ్బు పెట్టిన వాళ్లలో ఒకడే. బ్యాంకు గుమస్తా, మంటలార్పే దళంలో వాలంటీరు. 1849లో బంగారం వేటలో కాలిఫోర్నియా వెళ్లి, అక్కడి నుంచి హవాయి చేరి, హోనొలూలులో స్థిరపడి, 1892లో అక్కడే పోయాడు. 1857 సభ నాటికి ఆయన పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్నాడు! 1930ల్లో ఆయన మనవడు పట్టు వదలకుండా కూపర్స్‌టౌన్‌కు ఉత్తరాలు రాశాడు, 1938లో తాతకు హాల్ ఆఫ్ ఫేమ్ దక్కింది. ఆడమ్స్ పేరు 2015 చివర్లో ఓటింగుకు వచ్చింది. 16 ఓట్లలో 12 కావాలి, 10 పడ్డాయి. ఆ మరుసటి ఏడాది ఆయన చేతిరాతతో ఉన్న 1857 రూల్స్ ప్రతులు వేలంలో 32 లక్షల డాలర్లకు పైగా పలికాయి. కాగితానికి అంత ధర, మనిషికి మాత్రం గోడ మీద జాగా లేదు. ఇందులో నాకు కోపం తెప్పించేది మనవడు కాదు. తాత కోసం ఎవరైనా రాస్తారు. అచ్చువేసే ముందు ఒక్కరైనా ఆ 20 రూల్స్ తిరగేయకపోవడం.

కూపర్స్‌టౌన్ ఊరి కథ ఇంకా విచిత్రం. 1905లో స్పాల్డింగ్ చొరవతోనే ఒక కమిషన్ వేశారు, ఈ ఆట అచ్చంగా అమెరికాలోనే పుట్టిందని తేల్చడానికి. 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే అనే ఆయన కనిపెట్టాడని ఒక ముసలాయన రాసిన ఉత్తరం పట్టుకుని 1907లో అదే తీర్పు ఇచ్చేశారు. 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో కేడెట్. ఆ తీర్పు మీదే మ్యూజియం వెలిసింది. మా ఆవిడ అంతా విని, "పోనీలెండి, ఊరు బాగుంది కదా" అంది. నిజమే, సరస్సు చాలా బాగుంది.

తొమ్మిది ఇన్నింగ్స్ ఎవరివల్ల వచ్చాయో చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. నికర్‌బాకర్లు ఏడు చాలన్నారు. వాళ్లలోనే ఒకడు, లూయిస్ వాడ్స్‌వర్త్ అనే లాయరు, సభలో సొంత క్లబ్బుకు అడ్డం తిరిగి తొమ్మిది కావాలని పట్టుబట్టి నెగ్గాడు. స్పాల్డింగ్ వేయించిన ఆ కమిషన్‌కు ఈయన పేరు అందింది గానీ మనిషి దొరకలేదు. అప్పటికి ఆయన మా న్యూజెర్సీలోనే, ఎడిసన్ పక్కనే ఉన్న ప్లెయిన్‌ఫీల్డ్‌లో అనాథాశ్రమం లాంటి పేదల ఇంట్లో ఉన్నాడు. ఒకప్పుడు జడ్జిగా చేసినవాడు. 1908లో అక్కడే పోయాడు. ఇది వందేళ్ల తరువాత చరిత్రకారుడు జాన్ థార్న్ తవ్వి తీసిన సంగతి.

ఇంకొకాయన జేమ్స్ వైట్ డేవిస్. 1850లో చేరి ముప్పై ఏళ్లు క్లబ్బును పట్టుకుని వేలాడాడు. అతనికి క్లబ్బులో 'టూ లేట్' అని ముద్దుపేరు. సిన్సినాటి జట్టు 1869లో బాహాటంగా జీతాలిచ్చి ఆడించడం మొదలుపెట్టాక ఆట చేతులు మారింది. నికర్‌బాకర్లు డబ్బు ముట్టకుండా పాత పద్ధతిలోనే ఆడుకుంటూ పోయి, 1880ల మొదట్లో చాలించారు. డేవిస్ మాత్రం 1893లో ఒక ప్రొఫెషనల్ జట్టు పెద్దకు ఉత్తరం రాశాడు: నేను పోయాక నన్ను క్లబ్బు జెండా చుట్టి పాతిపెట్టండి, ఇప్పటి ఆటగాళ్లు తలా పది సెంట్లు వేసుకుంటే సమాధికి రాయి వస్తుంది అని. 1899లో పోయాడు. రాయి మాత్రం రాలేదు. బ్రూక్లిన్ గ్రీన్-వుడ్ శ్మశానంలో గుర్తు లేని సమాధిగా ఉండిపోయాడు. 2016లో బేస్‌బాల్ చరిత్ర పరిశోధించే సంఘం వాళ్లు చందాలేసి రాయి పెట్టించారు, ఆయన రాసుకున్న మాటలతోనే. అతను 'టూ లేట్' కాదు, హోమ్ ప్లేట్ (పరుగు పూర్తి కావాలంటే తిరిగి చేరాల్సిన చోటు) చేరాడు అని ఉంటుంది. ఆర్ ట్రైన్‌లో ఇరవై అయిదో వీధి స్టేషన్‌లో దిగితే దగ్గరే. గేటు దగ్గర మ్యాప్ తీసుకోండి, లేకపోతే ఆ గుట్టల్లో దారి తప్పడం ఖాయం. స్కోర్ పట్టికను తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ సమాధి కూడా అక్కడే, నాలుగు మూలలా బేసులు, పైన రాతి బంతితో. ఆయన ఇంగ్లండ్ నుంచి వచ్చిన క్రికెట్ రిపోర్టరు. హోబోకెన్‌లో క్రికెట్ మ్యాచ్ చూసి తిరిగొస్తూ ఎలీసియన్ ఫీల్డ్స్‌లో జరుగుతున్న బేస్‌బాల్‌కి అతుక్కుపోయాడు. అదే ఊళ్లో 1859లో ఇంగ్లండ్ జట్టు వచ్చి క్రికెట్ ఆడింది కూడా.

మా క్లబ్బు రూల్స్ చివరికి రెండు పేజీల్లో తేలాయి. ఒకటో రూలు టైముకు రావడం. బూతుకి ఒక డాలరు. ఏ భాషలో తిట్టినా వర్తిస్తుందా అన్న దాని మీద అరగంట చర్చ జరిగి, వర్తిస్తుందని తేలాక ఆ వారమే పదకొండు డాలర్లు వసూలయ్యాయి. స్కోరు యాప్‌లో ఉన్నా సరే, ప్రతి ఆటా ఒక నోటు పుస్తకంలో కూడా రాస్తున్నాను. పేర్లు, పరుగులు, ఎవరు బంతులు తెచ్చారు, ఎవరు ఎందుకు ఫైను కట్టారు. "ఎవడు చదువుతాడన్నా?" అని అడుగుతారు. చదవకపోయినా ఫైన్ల లెక్కకైనా పనికొస్తుంది అంటాను.

ఇక మిగిలింది వాడ్స్‌వర్త్. ప్లెయిన్‌ఫీల్డ్ పబ్లిక్ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగం ఉంది. ఆయన జడ్జిగా ఉన్నప్పటి పేపర్లు వెతకాలని నా ఉద్దేశం. ఎడిసన్, పిస్కాటవే వైపు ఉండేవాళ్లెవరికైనా శనివారాలు ఖాళీ ఉంటే తోడు రండి. పాత పేపర్లు ఇద్దరు పంచుకుని చూస్తే పని తొందరగా తెములుతుంది. మధ్యాహ్నం బిర్యానీ నాది.